నెమ్మదిగా తిరిగే పల్సర్ ముసలిది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలోని విజ్ఞాన పుటలో పల్సర్ల మీద, అంటే తిరుగుతూ నాడిలా స్పందించే న్యూట్రాన్ తారల (పేలిపోయిన బరువైన నక్షత్రాల అతి సాంద్రమైన అవశేషాల) మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నక్షత్రాల గురించి తెలుగులో అర పేజీ కేటాయించడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు, అందుకు మీకు కృతజ్ఞతలు చెప్పిన తర్వాతే నా అభ్యంతరం చెబుతాను. పల్సర్లన్నీ సెకనుకు ఒకటి మొదలుకొని కొన్ని వందల సార్ల వరకు తిరుగుతాయని, వయసు మీరిన కొద్దీ నెమ్మదించి కొన్ని సెకన్లకు ఒక్కసారి తిరిగే దశకు రాగానే ఆరిపోతాయని ఆ వ్యాసంలో రెండు వాక్యాలు ఉన్నాయి. ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవరాలు ఆ పుటను నా ముందు పెట్టి, "తాతయ్యా, మరి పద్నాలుగు నిమిషాలకు ఒక్కసారి తిరిగే పల్సర్ ఉందని మీరే కదా చెప్పారు, ఇందులో అసలు అలాంటివే లేవని రాశారేం?" అని అడిగింది. ఆమె ప్రశ్నకు ఇంట్లో జవాబు చెప్పాను గానీ, ఆ పుట చదివిన మిగతా పిల్లలకు కూడా ఆ జవాబు చేరాలన్నది నా కోరిక.

ఆ రెండు వాక్యాలు రేడియో పల్సర్ల వరకు, అంటే రేడియో తరంగాలలో స్పందించేవాటి వరకు, ఇంచుమించు సరైనవే. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ మొదట గుర్తించిన పల్సర్ 1.337 సెకన్లకు ఒకసారి స్పందించింది. వృషభ రాశిలోని క్రాబ్ నెబ్యులా నడుమ ఉన్నది సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. ఒంటరిగా ఉండి, తన భ్రమణ శక్తినే ఖర్చు పెట్టుకుంటూ వెలిగే ఇటువంటివాటికి నెమ్మదించడమంటే వయసు మీరడమే. కానీ పల్సర్లలో వేరొక జాతి ఉంది. వాటి పక్కన సూర్యుడికి పది, ఇరవై, నలభై రెట్లు బరువైన నక్షత్రం ఉంటుంది. వాటి వెలుగు ఎక్స్ కిరణాలలో ఉంటుంది. వాటిలో చాలా వాటి భ్రమణ కాలాన్ని నిమిషాలలో, కొన్నింటిదైతే గంటలలో కొలవాలి. వాటి విషయంలో నెమ్మది వృద్ధాప్యానికి గుర్తు కాకపోగా, అవి వయసులో ఉన్నవని చెప్పే సాక్షి పక్కనే నిలబడి ఉంటుంది. వ్యాసంలో తప్పిపోయిన ముఖ్య విషయం ఇదే.

మా మనవరాలు అడిగిన పల్సర్ పేరు ఎక్స్ పెర్సీ. దాని భ్రమణ కాలం సుమారు 837 సెకన్లు, అంటే ఎసరు పెట్టి అన్నం వార్చేంత సేపు. భూమి నుంచి దాని దూరం దాదాపు రెండు వేల కాంతి సంవత్సరాలు. పల్సర్ మన కంటికి కనబడదు గానీ దాని సహచర నక్షత్రం మామూలు బైనాక్యులర్స్‌లో కనబడుతుంది. కార్తీక మాసంలో రాత్రి పది దాటాక కృత్తికలు నడినెత్తికి దగ్గరగా వస్తాయి. అక్కడి నుంచి ఉత్తరంగా ఏడు డిగ్రీలు, అంటే చేయి చాచి పిడికిలి పట్టి చూస్తే పిడికిలి వెడల్పుకు కాస్త తక్కువ దూరం జరిగితే ఆ నక్షత్రం దగ్గరకు చేరతాం. పౌర్ణమి నాడు చంద్రుడే కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టి, పున్నమి వెళ్లిన పది రోజుల తర్వాత, నగరపు దీపాలకు దూరంగా వికారాబాద్ వైపు వెళ్లి చూడటం మంచిది. ఆ నక్షత్రం సూర్యుడి కంటే పదిహేను రెట్ల దాకా బరువైనది, ఉపరితలం ముప్పై వేల డిగ్రీలకు దగ్గరగా కాగుతూ ఉంటుంది, అతి వేగంగా తిరగడం వల్ల తన నడుము చుట్టూ వాయువును పళ్లెంలా విడుస్తుంది. 1990 ప్రాంతంలో ఆ పళ్లెం దాదాపు పూర్తిగా కరిగిపోయి, మళ్లీ ఏర్పడింది. ఈ నక్షత్రం చుట్టూ పల్సర్ ఒక్కసారి తిరిగి రావడానికి 250 రోజులు పడుతుంది.

ఎక్స్ పెర్సీ తన భ్రమణ శక్తితో వెలగడం లేదన్న సంగతి ఇంటర్ విద్యార్థి కాగితం మీద లెక్క వేసి తేల్చవచ్చు. న్యూట్రాన్ తార ద్రవ్యరాశి సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు, వ్యాసం ఇరవై నాలుగు కిలోమీటర్ల లోపు అనుకుంటే, అది 158 కిలోమీటర్ల మన బాహ్య వలయ రహదారి లోపల ఇంకా బోలెడు చోటు మిగిలేలా ఇమిడిపోతుంది. దాని జడత్వ భ్రామకం (తిరగడంలో మార్పును ఎదిరించే గుణం) ప్రామాణిక ప్రమాణాలలో 1 పక్కన 38 సున్నాలు. 837 సెకన్లకు ఒక చుట్టు అన్న కోణీయ వేగంతో భ్రమణ గతిజ శక్తిని లెక్కిస్తే వచ్చే మొత్తం, అది ఎక్స్ కిరణాలుగా వెదజల్లుతున్న శక్తికి కొద్ది రోజులకు, మహా అయితే రెండు మూడు వారాలకు సరిపోతుంది. వేలా ఎక్స్-1 అనే పల్సర్‌కు 283 సెకన్ల కాలంతో ఇదే లెక్క వేస్తే ఒక్క రోజుకు కూడా చాలదు. కానీ ఇవి రెండూ యాభై ఏళ్లుగా మన కళ్ల ముందు వెలుగుతూనే ఉన్నాయి. నేను తరగతిలో ఈ లెక్క వేయించినప్పుడల్లా పిల్లలు జవాబు తప్పనుకుని సున్నాలు మళ్లీ లెక్కపెట్టేవారు. తప్పు లేదని తేలాక, మరి ఈ వెలుగు ఎక్కడిదన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వచ్చేది.

ఆ వెలుగు పడిపోతున్న పదార్థానిది. బరువైన వేడి నక్షత్రాలన్నీ తమ పై పొరలను గాలిలా ఊదేస్తుంటాయి. ఆ తారా పవనం సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో వీస్తుంది, ఏడాదికి సూర్యుడి ద్రవ్యరాశిలో పది లక్షల్లో ఒక వంతు వరకు కూడా కొట్టుకుపోతుంది. పక్కన తిరుగుతున్న న్యూట్రాన్ తార అందులో అతి స్వల్ప భాగాన్ని తన గురుత్వాకర్షణతో పట్టుకుంటుంది. హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా బయటపడుతుంది, న్యూట్రాన్ తార మీద పడిన పదార్థం తన ద్రవ్యరాశిలో పది శాతానికి పైగా శక్తిగా వదిలేస్తుంది. ఆ పతనం ఉపరితలం అంతటా జరగదు. భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ ఉంటే ఇక్కడ లక్ష కోట్ల గాస్ స్థాయిలో ఉంటుంది కనుక పదార్థమంతా అయస్కాంత ధ్రువాల వైపు తోసుకుపోయి, అక్కడ రెండు చిన్న మచ్చలను కోట్ల డిగ్రీలకు కాగబెడుతుంది. తార తిరిగే కొద్దీ ఆ మచ్చలు మన వైపుకు వచ్చి పోతుంటాయి, అదే మనకు నాడిలా తెలుస్తుంది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం దగ్గరి సముద్ర వేదిక నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం (కెన్యా స్వాతంత్ర్య దినం కాబట్టి స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు) మరుసటి ఏడాది సెంటారస్ ఎక్స్-3 లో 4.8 సెకన్ల నాడిని పట్టుకోవడంతో ఈ జాతి లోకానికి తెలిసింది. ఎక్స్ పెర్సీ, వేలా ఎక్స్-1, జీఎక్స్ 301-2 అనే మూడు నెమ్మది పల్సర్ల నాడి 1976లో ప్రకటితమైంది.

ఇక అసలు ప్రశ్న, ఇవి ఇంత నెమ్మదిగా ఎందుకు తిరుగుతున్నాయన్నది. న్యూట్రాన్ తార పుట్టినప్పుడు సెకనుకు పదుల సార్లు తిరుగుతుంది. ఒంటరి పల్సర్ మామూలు అయస్కాంత క్షేత్రంతో, కేవలం తన వికిరణం వల్లనే నెమ్మదిస్తూ 800 సెకన్లకు చేరాలంటే ఎంత కాలం పడుతుందో లెక్క వేస్తే, విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్లకు కొన్ని వందల రెట్లు వస్తుంది. మరోవైపు దాని పక్కనున్న బరువైన నక్షత్రం ఒకటి రెండు కోట్ల ఏళ్లకు మించి బతకదు. ఎంత బరువుంటే అంత త్వరగా ఇంధనం తగలేసుకుంటుంది. మన సూర్యుడి ఆయువు వెయ్యి కోట్ల ఏళ్లన్న విషయం గుర్తు పెట్టుకుంటే ఈ తేడా ఎంతటిదో అర్థమవుతుంది. సహచరి ఇంకా వెలుగుతూ ఉందంటే ఆ జంట పుట్టి ఒకటి రెండు కోట్ల ఏళ్లయినా దాటలేదు, పల్సర్ పుట్టింది ఇంకా ఆ తర్వాతే. అంటే ఆ పల్సర్‌ను ఇంత తక్కువ కాలంలో ఇంత గట్టిగా ఆపింది కాలం కాదు, పక్కనున్న నక్షత్రపు గాలి.

ఆ ఆపడం ఎలా జరుగుతుందో 1970లలోనే సిద్ధాంతకర్తలు వివరించారు. ఇలారియోనోవ్, సున్యాయెవ్ 1975లో రాసిన విశ్లేషణ ఇందులో ప్రసిద్ధమైనది. తార అయస్కాంత క్షేత్రం దాని చుట్టూ కొన్ని వేల కిలోమీటర్ల వరకు ఒక కోటలా విస్తరించి, తారతో పాటే తిరుగుతుంది. తార వేగంగా తిరుగుతున్నంత కాలం ఆ కోట అంచు అక్కడి కక్ష్యా వేగాన్ని మించిపోతుంది. దాన్ని తాకిన పదార్థం లోపలికి పడలేక, వేగంగా తిరిగే కుమ్మరి సారె అంచున పడిన తడి మట్టి చెల్లాచెదురైనట్టు బయటికి విసిరివేయబడుతుంది. విసిరిన ప్రతిసారీ సారె కొంత జోరు కోల్పోయినట్టే తార కూడా తన కోణీయ ద్రవ్యవేగాన్ని కోల్పోతుంది. ఈ దశలో దానికి ఎక్స్ కిరణాల వెలుగు చాలా తక్కువ, అందుకే ఈ దశలో ఉన్నవాటిని చూడటం కష్టం. తగినంత నెమ్మదించాక మాత్రమే పదార్థం లోపలికి పడటం మొదలవుతుంది, అప్పుడే అది మనకు ఎక్స్ రే పల్సర్‌గా కనబడుతుంది. కాబట్టి ఎక్స్ పెర్సీ నెమ్మది అది ఆరిపోతున్నదనడానికి గుర్తు కాదు, వెలగడానికి అది చెల్లించిన మూల్యం.

వెలగడం మొదలయ్యాక మళ్లీ వేగం ఎందుకు పుంజుకోదని అడగవచ్చు. సెంటారస్ ఎక్స్-3 వంటి జంటలలో పదార్థం ఒక చక్రంగా ఏర్పడి ఒకే దిక్కుగా తిరుగుతూ వచ్చి పడుతుంది, అందువల్ల పల్సర్ వేగం పెరుగుతుంది. గాలి నుంచి పట్టుకునే జంటలలో అటువంటి నిలకడైన చక్రం ఉండదు; గాలిలో గడ్డలు, సుళ్లు ఉంటాయి, ఒకసారి ఇటు తిప్పే పదార్థం, మరోసారి అటు తిప్పే పదార్థం వచ్చి పడుతుంది. నుమాయిష్‌లో రంగులరాట్నాన్ని కొందరు ఇటు, కొందరు అటు తోస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వేలా ఎక్స్-1 కాలం అర్ధ శతాబ్దంగా 283 సెకన్ల దగ్గరే అటూ ఇటూ ఊగుతోంది. ఎక్స్ పెర్సీ 1978 నుంచి రెండు దశాబ్దాలకు పైగా నెమ్మదిస్తూ పోయి, 2002 ప్రాంతం నుంచి దిశ మార్చుకుని వేగం పుంజుకుంది. జీఎక్స్ 301-2 సహచరి సూర్యుడికి దాదాపు 40 రెట్లు బరువైనది, కక్ష్య 41.5 రోజుల సాగదీసిన దీర్ఘవృత్తం. పల్సర్ దగ్గరికి వచ్చే ప్రతిసారీ, అత్యంత సమీప బిందువుకు ఇంచుమించు ఒకటిన్నర రోజు ముందు భగ్గుమంటుంది. దగ్గరికి చేరాక కాకుండా అంతకు ముందే ఎందుకు భగ్గుమంటుందో ఆలోచించడం నాకిప్పటికీ ఆనందమే. సహచరి నుంచి పొడవుగా సాగిన దట్టమైన వాయు ధార ఒకటి పల్సర్ దారికి అడ్డంగా ఉందన్నది దానికి ఎక్కువ మంది చెప్పే వివరణ.

నిమిషాల సంగతి ఇలా ఉంటే, గంటలవి మరింత చిక్కు ప్రశ్న. 4యూ 0114+65 అనే పల్సర్ 1992లో బయటపడినప్పుడు దాని కాలం 2.78 గంటలు, మన పాత లెక్కలో జాముకు కాస్త తక్కువ. సహచరి మహా బృహత్తార, కక్ష్యా కాలం 11.6 రోజులు. అప్పటి నుంచి అది క్రమంగా వేగం పుంజుకుంటోంది. ఏఎక్స్ జే1910.7+0917 అనే దాని కాలం 36,200 సెకన్లు, అంటే పది గంటలు, 2017లో ప్రకటించారు. పైన చెప్పిన విసిరివేత ఒక్కటే ఇంత నెమ్మదిని సాధించడానికి సహచరి ఆయువు చాలదన్న అనుమానంతో, ఇవి పుట్టినప్పుడు అయస్కాంత క్షేత్రం మామూలుకంటే వందల రెట్లు ఎక్కువ ఉండి తర్వాత తగ్గిపోయి ఉంటుందని 1999లో ఒక ప్రతిపాదన వచ్చింది. పదార్థం నేరుగా కూలిపోకుండా, అయస్కాంత కోట చుట్టూ వేడి పొరగా పేరుకుని మెల్లగా దిగుతుందని, ఆ పొరే తారను పట్టి ఆపుతుందని 2012లో షకూరా బృందం వాదించింది. నా మటుకు నాకు రెండోది సహజంగా తోస్తుంది, ఎందుకంటే అది వెలుగు తగ్గినప్పుడు నెమ్మదించడం, పెరిగినప్పుడు వేగం పుంజుకోవడం అనే రెండింటినీ ఒకే ఏర్పాటుతో వివరిస్తుంది. అయితే ఈ వాదం ఇంకా ముగియలేదు.

ఇటువంటివి ఇంత ఆలస్యంగా దొరకడానికి ఒక ఆచరణాత్మక కారణం ఉంది, దాన్ని ఆ వ్యాసకర్త ప్రస్తావించి ఉంటే పాఠకులకు ఎంతో ఉపయోగపడేది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టు గంటన్నరకు పైగా పడుతుంది; మన ఆస్ట్రోశాట్ 650 కిలోమీటర్ల ఎత్తున సుమారు 97 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. ఆ చుట్టులో మూడో వంతుకు పైగా భూమే అడ్డం వచ్చి, చూస్తున్న తార కనబడకుండా పోతుంది. నాడి కాలం రెండున్నర గంటలైతే, ఒక్క స్పందన పూర్తయ్యేలోపే ఉపగ్రహానికి రెండుసార్లు తెర పడుతుంది. ఆ తెరల లయలో నుంచి తార లయను విడదీయడం చాలా ఓపిక కోరే పని. సెకన్ల నాడి ఉన్న పల్సర్ ఒక్క చూపులోనే దొరుకుతుంది, గంటల నాడి ఉన్నది రోజుల తరబడి చూస్తే గానీ దొరకదు. దూరపు కక్ష్యలలో తిరిగే చంద్ర, ఎక్స్ఎంఎం-న్యూటన్ వంటి ఉపగ్రహాలు వచ్చాకే ఈ పని కొంత తేలికైంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఈసీఐఎల్ దగ్గర టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం ఉందని హైదరాబాద్‌లో చాలా మందికి తెలియదు. పాలిథీన్ పొరతో చేసిన పెద్ద బెలూన్లలో హైడ్రోజన్ నింపి, వాటికి పరికరాలు వేలాడదీసి ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. ఎక్స్ కిరణాలను గాలి మింగేస్తుంది, నేల మీది నుంచి ఒక్కటీ కనబడదు. నలభై కిలోమీటర్ల ఎత్తుకు చేరితే 99 శాతానికి మించిన గాలి కిందే ఉండిపోతుంది కనుక 20 వేల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి గల ఎక్స్ కిరణాలు అందుతాయి. ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్ రే తీసే కిరణాల శక్తి కూడా ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రం గల ఈ నెమ్మది పల్సర్లు సరిగ్గా ఆ శక్తి దగ్గరే కాంతివంతంగా ఉంటాయి. 1960ల చివరి నుంచి హైదరాబాద్ ఆకాశంలోకి ఎక్స్ రే పరికరాలు ఎక్కి వెళ్లాయి. ఆ అనుభవం నుంచే 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ పరికరాలు కొన్ని రూపు దిద్దుకున్నాయి. 2024 జనవరి 1న అక్కడి నుంచే వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఇంకో అడుగు వేసి, ఈ కిరణాల ధ్రువణాన్ని (వాటి అలలు ఏ దిశలో ఊగుతున్నాయన్నదాన్ని) కొలవడానికి ఉద్దేశించినది. మౌలాలిలో ఉండే రోజుల్లో ఒక తెల్లవారుజామున డాబా మీద నుంచి ఆ బెలూన్‌ను చూశాను. నేల మీద ఇంకా చీకటిగానే ఉంది, అది మాత్రం ఎక్కడో పైన సూర్యుడి వెలుగు పడి శుక్రుడికంటే కాంతివంతంగా మెరుస్తోంది. దాన్ని చూపించి, అది ఏమి చూడటానికి వెళుతోందో మా నాన్నగారికి చెప్పాను. అంత ఎత్తు నుంచి కిందకు చూడక ఇంకా పైకెందుకు చూడటమని ఆయన అడిగారు, అది చాలా మంచి ప్రశ్న అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

బెలూన్లు ఎగిరే కాలంలో పత్రికల్లో ఏటా ఒక చిన్న ప్రకటన వస్తుంది. పొలాల్లో పారాచూట్‌తో దిగిన పెట్టె కనబడితే ముట్టుకోవద్దని, పోలీసులకో, తపాలా కార్యాలయానికో తెలపమని అందులో ఉంటుంది. అది అవసరమైన ప్రకటనే. అయితే పొలంలో ఆ పెట్టె దిగిన రైతుకు దాన్ని ముట్టుకోవద్దని చెప్పే మనం, అది ఆ రాత్రి ఏం చూసి వచ్చిందో ఒక్క వాక్యమైనా చెప్పడం లేదు.

అందువల్ల నా మనవి రెండు విధాలుగా ఉంది. మొదటిది, వచ్చే ఆదివారం అదే పుటలో, ఆ రెండు వాక్యాలు ఒంటరి రేడియో పల్సర్లకు మాత్రమే వర్తిస్తాయని, బరువైన సహచరితో ఉన్న ఎక్స్ రే పల్సర్లకు వర్తించవని సవరణ వేయండి. దాన్ని వేరే పుటలో ఓ మూల కాకుండా విజ్ఞాన పుటలోనే, అదే అక్షరాల పరిమాణంలో వేస్తే, తప్పు చదివిన పిల్లలకే ఒప్పు కూడా చేరుతుంది. రెండోది, ఈసారి బెలూన్ ప్రకటన వచ్చినప్పుడు దాని కింద, ఆ బెలూన్ ఏ పరికరాన్ని మోస్తోందో, అది ఏమి కొలుస్తుందో ఆ కేంద్రం వారిని అడిగి నాలుగు పంక్తులు వేయండి. ఆ నాలుగు పంక్తులను తెలుగులో సరిచూసి పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అందుకు నాకు ఎలాంటి పారితోషికం అక్కర్లేదు.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు,
తార్నాక, హైదరాబాద్